చిన్న చక్రాల ట్రక్కు

చీపురుపల్లి రైలు గేటు అవతలి వెల్డింగు షెడ్డుకు ఆ రోజు నేనూ మా బావా వెళ్లింది ట్రాక్టరుకు తగిలించే ట్రక్కు కొనడానికి. అప్పటికే అక్కడ ఒక ముసలాయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన వచ్చింది ఒక ట్రక్కు వెనక తలుపును అడిగి పట్టుకెళ్లడానికి. మేం అడిగినవన్నీ మాకు దక్కాయి. ఆయన ఉత్తి చేతులతో వెళ్లాడు. ఆ బేరం చేసింది నేనే.

కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. నచ్చిన వస్తువు వైపు చూడకూడదనీ, చూస్తే మొహం చిట్లించాలనీ సరిగ్గా మాటలు రాకముందే నేర్చాను. అక్క పెళ్లిచూపుల్లో తనను కూడా అలాగే చూశానని బావ ఇప్పటికీ దెప్పుతాడు. అందుకే ఏది కొనాలన్నా నన్ను వెంటేసుకెళతాడు.

బావ ముందు రెండు చక్రాల ట్రక్కు చుట్టూ తిరిగాడు. ఇరుకు గట్ల మీద తిప్పుకోవడానికి అది సులువు.

"మీ కాలవ గట్టు బాగా ఎత్తా?" అని అడిగాడు షెడ్డు మేస్త్రి.

"ఎక్కీటప్పుడు గుండె జారిపోతాది," అన్నాడు బావ.

"అయితే ఇది వొద్దు. బరువు కొంత ట్రాక్టరు కొక్కెం మీద పడతాది. వెనక నాలుగు బస్తాలు ఎక్కువైతే ముందు సెక్రాలు గాల్లోకి లేస్తాయి. బస్తాలు మోసీవోడికి నాలుగు సెక్రాలదే మంచిది. ఎత్తిపోసే జాకీ కూడా మీకెందుకు? ఇసకా, మట్టా?"

మేస్త్రి నిజమే చెప్పాడు. నిజం చెప్పే అమ్మకందారు ముందు నాకు కాలూ చెయ్యీ ఆడవు.

నాలుగు చక్రాలది సిద్ధంగా ఉన్నది ఒక్కటే. దళసరి రేకు, ఎక్కడా వంక లేని అతుకులు. వెనక తలుపు మీద పసుపు రంగుతో ఒక పేరు.

"సేయించుకున్నోడు పోయినాడు. పట్టుకెళ్లకుండానే," మేస్త్రి గొంతు తగ్గించి చెప్పాడు. నేను తగ్గించలేదు.

"పోయినోడి బండి ఎవుడు కొంతాడు? పైగా ఈ సెక్రాలేటి, పిల్లలాడుకునీవా? తొట్టి నేలకి దిగిపోయినాది. గతుకుల్లో తగలదేటి?"

బల్ల మీది ముసలాయన మెల్లగా అన్నాడు. "కావాలనే సిన్నవి ఏయించాడు, బాబూ. బస్తా ఎత్తితే నడుం పట్టీసీవోళ్లు ఉంటారు కదా ఇంట్లో."

"అయితే ఆ ఇంటికే పనికొస్తాది," అన్నాను. నా మాట నాకే నచ్చింది. ధర మరో మెట్టు దిగింది.

చివరగా మేస్త్రి ఒక్కటి అడిగాడు. "ఈ తలుపు మాత్రం ఇంకొకలికి మాటిచ్చినాను. నాలుగు రోజులు ఆగితే కొత్తది సేసి బిగించీస్తాను."

పల్చటి రేకు అంటగట్టడానికి ఎత్తు వేశాడనుకున్నాను. ఇదే తలుపు, ఇప్పుడే కావాలన్నాను. బావ నా చొక్కా లాగాడు.

"నాలుగు రోజులే కదరా."

చేలో పనలు తడిసిపోతాయని బావనీ కసిరాను. పేరు మీద ఎర్రరంగు కూడా ఊరికే వేయించాను. బ్రష్షు ఆడినంతసేపూ ముసలాయన నిలబడి చూశాడు. చివరి అక్షరం కనబడకుండా పోయాక చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ట్రక్కు తగిలించాక మేస్త్రి చెప్పాడు. "మాటిచ్చింది ఆయనకే. ఆ పేరు ఆయన కొడుకుది."

పరిగెత్తి ఆపాల్సింది. తలుపు వదిలేస్తే బేరం మళ్లీ మొదటికొస్తుందేమోనన్న భయం ఆ క్షణంలో కూడా ఉంది నాకు.

ఎండకూ వానకూ ఎర్రరంగు పొలుసులుగా లేచింది. ముందు ఒక కొమ్ము బయటపడింది, తర్వాత ఒక దీర్ఘం. మళ్లీ రంగు వేయించాను. మళ్లీ పైకొచ్చింది. ఆ తలుపు చూడలేక మోటారుసైకిలు మీద ట్రక్కును దాటి ముందుకు పోయేవాణ్ణి. అప్పుడు తలుపు చీలల చప్పుడు వెంట వచ్చేది. వీధిలో ఏ బండీ లేనప్పుడు కూడా, కొట్లో పప్పు తూస్తుంటే వినిపించేది.

"నడుం నొప్పి నేకుండా కోతలు అయినాయిరా," అన్నాడు బావ ఒకరోజు. "నా కొలత తీసి సేసినట్టున్నాది ఇది."

ఎవరి కొలతో నాకు తెలుసు. మర్నాడు పొద్దున్నే తలుపు ఊడదీసి ట్రక్కులో వేసి, బావ చేత ట్రాక్టరు కట్టించి, రామతీర్థం దారిలో ఉన్న ముసలాయన ఊరికి బయల్దేరాం. ఇల్లెక్కడో మేస్త్రి చెప్పాడు.

ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. నేనూ బావా తలుపు దింపి, చెరో కొసా పట్టుకుని నిలబడ్డాం. ఆయన దాని వైపు చూడలేదు. ట్రక్కు దగ్గరికి వెళ్లి వెనక అంచు మీద రెండు చేతులూ ఆనించాడు. అంచు సరిగ్గా ఆయన నడుం దగ్గరికి వచ్చింది.

"గతుకుల్లో తగుల్తన్నాదా, బాబూ?"

కొన్న వస్తువు బాగుందని అమ్మినవైపు వాళ్ల ముందు నా జన్మలో ఒప్పుకోలేదు.

"నేదు. ఒక్కసారి కూడా తగల్నేదు," అన్నాను.

ఆయన తల ఊపాడు. చేతులు మాత్రం అంచు మీంచి తియ్యలేదు. ఆయన తీసేదాకా మేం తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాం. దళసరి రేకు, చాలా బరువుగా ఉంది.