పదిహేడో చీటీ

ఎండిన కరివేపాకును స్టీలు డబ్బాలో పోసి ఊపితే గలగలమంటుంది. కామారెడ్డిలో ఈ ఇంటికి వచ్చి ఆరేళ్ల నాలుగు నెలలైంది. ఇప్పటికీ ఆ చప్పుడుకు నా చెయ్యి ఆగిపోతుంది. ఎల్లారెడ్డిలో ఆ రోజు మడిచిన చీటీలు బిందెలో అలాగే మోగాయి. ఆ బిందె పక్కన వహీదా మేడం నిలబడి ఉన్నారు.

ఎల్లారెడ్డిలో నేను గుమస్తాగా పనిచేసిన కార్యాలయానికి ఆమె సూపరింటెండెంట్. నాకంటే మూడేళ్లు చిన్న. నేను రాసిన లెక్క చూసి, తప్పు దొరక్కపోతే కాగితం మీద పెన్నుతో ఒకసారి తట్టేవారు. నోటితో మెచ్చుకున్నది లేదు. ఆ తట్టు కోసమే నేను పదకొండేళ్లు పనిచేశాను. వార్డు సభలు ఎలా జరగాలో, ఫిర్యాదుకు ఎన్నాళ్లలో జవాబివ్వాలో సూచనలు పంపమని పైనుంచి అడిగినప్పుడు, ఎప్పుడూ వచ్చే పెద్దమనుషులను పిలవడానికి ఆమె ఒప్పుకోలేదు. మా వార్డు ఓటర్లందరి పేర్లతో చీటీలు వేసి ఇరవై నలుగురిని తీద్దామన్నారు. వాళ్లు ఐదు ఆదివారాలు కూర్చుని ఏం తేలిస్తే అదే పైకి పంపాలి. "పైరవీలు జేసెటోళ్లు ఎట్లనన్న వస్తరు సరోజనమ్మా. రానోళ్లను తెచ్చుడే మన పని," అన్నారు.

మా వార్డు చీటీలన్నీ నేనే రాశాను. వెయ్యీ నూట ఆరు. ఒక మంగళవారం పదింపావుకు బడి వరండాలో, జనం ముందు, మొహం పక్కకు తిప్పుకుని తీయడం మొదలుపెట్టాను. నేను చదువుతుంటే మేడం రాసుకున్నారు. పదహారు సాఫీగా వచ్చాయి. పదిహేడోది లచ్చవ్వది. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మనిషి, వేలిముద్ర వేస్తుంది. ఐదు ఆదివారాలు కాగితాల మధ్య ఈమె ఏం చేస్తుంది అనిపించింది. రెండు చీటీలు అంటుకుని వచ్చాయని పైకి చెప్పి, దాన్ని మళ్లీ బిందెలో వేసి ఇంకొకటి తీశాను. కిరాణా దుకాణం రాజన్న పేరు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

చాయ్ తాగే సమయంలో లోపలి గదిలో లెక్క చూపించాను. బయట ఇరవై నాలుగు, బిందెలో వెయ్యీ ఎనభై రెండు. అప్పుడే, మంచి పని చేసినదానిలా, లచ్చవ్వ సంగతి కూడా చెప్పాను. పెన్ను కదల్లేదు. ఆమె మొహంలో రంగు పోవడం నేను చూశాను.

"ఆమెకేం తెల్వదని ఎవరు జెప్పిన్రు నీకు?"

"నాకు ఎర్కనే గద మేడం."

"నువ్వు మంచిగనే ఎంచినవ్ సరోజనమ్మా. ఎంచుడే వద్దనుకున్నం గద మనం."

చాయ్ అక్కడే వదిలేసి వరండాలోకి వెళ్లారు. "చీటీలు మల్ల తీస్తం. తప్పు నా టేబుల్ కాడ జరిగింది," అన్నారు. నా పేరు చెప్పలేదు. రాజన్న లేచి నిలబడ్డాడు. "పేరొచ్చినంక తీసేసుడేంది మేడం? ఇంటికి ఫోన్ గూడ జేసిన. మా ఆమె బిర్యానీకి బియ్యం నానవెట్టింది."

"తిను అన్నా. బిర్యానీకి చీటీ అవసరం లేదు."

జనం నవ్వారు. లచ్చవ్వను ఇరవై అయిదో మనిషిగా కలుపుదామని మేడం చెవిలో బతిమాలాను. "మన చేత్తోని కలిపినా గదే తప్పు," అన్నారు. రెండోసారి చీటీలు మరొకరు తీశారు. రాజన్న పేరు రాలేదు. లచ్చవ్వ పేరూ రాలేదు. తప్పు పడితే కొట్టేసి పక్కన సరైన అంకె రాయడమే నాకు తెలుసు. తిరిగి రాయడానికి వీల్లేని తప్పు ఉంటుందని ఆ వరండాలో నిలబడి తెలుసుకున్నాను.

సాయంత్రం ఐదింటికి మేడం నన్ను లచ్చవ్వ ఇంటికి పంపారు, ఉన్నది ఉన్నట్టు చెప్పి రమ్మని. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. చెప్పాను. కత్తెర ఆగింది.

"నా పేరు గూడ ఏసిన్రా అండ్ల?"

"అందరియి ఏసినం లచ్చవ్వా."

"సదువు రాదని తీసేస్తివా? నేనేమన్న రాయనీకి వస్తుంటినా అక్కా. సోమవారం పదకొండింటికి సభ వెడ్తరు. గప్పుడే మేమందరం బీడీలు అప్పజెప్పనీకి కార్ఖానాల లైన్ల నిలవడ్తం. ఒక్కనాడన్న వచ్చినమా? గదొక్కటి చెప్తుంటి." మళ్లీ కత్తిరించడం మొదలుపెట్టింది. నన్ను తిట్టలేదు.

పదేళ్లు ఆ సభల హాజరు రాసినదాన్ని నేనే. మా వార్డులో బీడీలు చుట్టే ఆడవాళ్లు ముప్పై ఒక్కరు. ఆ పట్టికలో వాళ్ల సంతకం గానీ వేలిముద్ర గానీ ఒక్కటీ లేదన్న సంగతి నాకు అంతవరకూ తట్టలేదు.

మర్నాడు మేడంతో అన్నాను, లచ్చవ్వ మాట నేను సభ్యులకు చెబుతానని. ఆమె పెన్ను మూత పెట్టారు. "చెప్పు. ఎవరైనా చెప్పొచ్చు. గని నీకు ఎట్ల తెలిసిందో గూడ చెప్పాలె."

ఐదు ఆదివారాలూ నేను సభ్యులు కూర్చున్న గదిలోనే, గోడవారగా కూర్చున్నాను. వాళ్లు మంచి మాటలే తేల్చారు. గల్లీకొక ప్రతినిధి, పదిహేను రోజుల్లో రాతపూర్వక జవాబు. సభ వేళ గురించి ఎవరికీ తోచలేదు. ప్రతి ఆదివారం రెండుసార్లు లేవబోయాను. లెక్క తప్పని మనిషినని ఊళ్లో నాకున్న పేరు నన్ను కూర్చోబెట్టింది. మేడం నా వైపు చూడలేదు, తర్వాత అడగనూ లేదు. నిరుడు శ్రావణంలో ఆమె పోయారు. నేను ఆ ఊరు వదిలేదాకా నా కాగితాల మీద పెన్నుతో తడుతూనే ఉన్నారు. అదే నేను మోయలేకపోతున్నాను.

ఎల్లారెడ్డిలో ఆ వార్డు సభ ఇప్పటికీ సోమవారం పదకొండింటికే. ఆ వేళ మార్చాలి. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో కూడా ఇప్పుడు చెప్పాను.