పన్నెండో కాపీ

క్యాన్సర్ ఆసుపత్రి రెండో అంతస్తులో, ఎక్స్‌రే గదికీ మెట్లకీ మధ్య ఇరుక్కున్న లైబ్రరీని పంతొమ్మిదేళ్లుగా ఏలుతున్నది ఒకావిడ. అసలు పేరు జీతాల రిజిస్టరుకే తెలుసు; పరిశోధకులందరికీ ఆవిడ చీటీలక్క. క్యాన్సర్ మీద కొత్తగా వచ్చిన వ్యాసాల్లోంచి ప్రతి సోమవారం ఓ పది ఏరి, ఒక్కోదానికి రెండు వాక్యాలు రాసి, ఒకే కాగితం మీద అచ్చువేసి ల్యాబులన్నింటికీ పంచుతుంది. పూర్తి వ్యాసం కావాలంటే కాపీ మీద నంబరు వేసి, పుస్తకంలో సంతకం పెట్టించుకుంటే గానీ ఇవ్వదు. ఆవిడ సెలవులో ఉన్నా అటెండరు చేత అదే పని చేయిస్తుంది. కాపీకి సంతకమేమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వనీ, నవ్వితే నంబరు చెరిగిపోదు కదా అంటుంది.

కొత్త డైరెక్టరు వచ్చిన నెలకే ఆవిడకు ఉత్తరం పంపారు. అన్నీ కంప్యూటర్లోనే దొరుకుతుండగా ఈ సోమవారం కాగితం ఎవరు చదువుతున్నారట? శుక్రవారం మీటింగుకు వచ్చి చూపించాలట. లేదంటే ఆపేస్తారట. కింద సంతకం కోడి కెలికినట్టుంది.

ఆవిడ ఆ ఉత్తరం మడిచి సొరుగులో పెట్టింది. పంతొమ్మిదేళ్లలో బాగుందన్న పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు. ఏం చూపిస్తుంది?

అది చాలదన్నట్టు బుధవారం మరో వార్త వచ్చింది. మూడు వారాల కిందట ఆవిడ అన్నిటికంటే పైన వేసి, 'తప్పక చదవండి' అని రాసిన వ్యాసంలో అంకెలు తప్పని తేలింది. పత్రికవాళ్లే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ వ్యాసం కాపీలు అప్పటికే పన్నెండు వెళ్లిపోయాయి.

సాయంత్రం ఇంటికెళ్లి భర్తకు చెప్పింది. ఆయన దర్జీ.

"శుక్రవారం దాకా గమ్మున ఊరుకోరాదూ? నీ తప్పు నువ్వే దండోరా వేసుకుంటే ఆ డైరెక్టరు చేతికి కత్తెర ఇచ్చినట్టే" అన్నాడు.

"కొలత తప్పిందని తెలిసీ చొక్కా ఇచ్చేస్తారా మీరు?"

"ఇవ్వను. విప్పి కుడతాను."

"మరి?"

"మరేముంది, అన్నం తిను. పొద్దున్నే విప్పుదువుగాని."

గురువారం పొద్దున్నే ప్రతి ల్యాబు తలుపుకీ ఎర్ర సిరాతో ఒక చీటీ అంటించింది: 'నేను తప్పక చదవమన్న వ్యాసం తప్పు. కాపీలు తిరిగి ఇవ్వండి.' కంప్యూటరు తెరిస్తే ఆ వ్యాసం మీద 'వెనక్కి తీసుకున్నాం' అని కనబడుతుంది, నిజమే. సొరుగులో పడున్న కాగితానికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

మధ్యాహ్నానికల్లా కాపీలు రావడం మొదలైంది. ఒకదాని నిండా పెన్సిలు గీతలు, ఇంకోదాని మీద టీ కప్పు మరక, మరోదాని అంచుల్లో ప్రశ్నలే ప్రశ్నలు. ఒకమ్మాయి మెట్లమీంచి పరుగున వచ్చింది.

"అక్కా, సోమవారం నుంచి ఎలుకలకు ఈ డోసే ఇద్దామనుకున్నా. ఆరు నెలల పని గంగలో కలిసేది. బతికించావు!"

"చదవమన్నదీ నేనేగా తల్లీ" అంది చీటీలక్క. అన్నదే గానీ, ఆ గీతలన్నీ చూస్తుంటే ఆవిడ కడుపు నిండిపోయింది.

సాయంత్రానికి పదకొండు చేరాయి. పన్నెండోది ఎవరి దగ్గరుందా అని పుస్తకం తీసింది. అది ఆవిడ సెలవులో ఉన్న రోజు వెళ్లింది. పేరు చదవడానికి రాలేదు గానీ, ఆ కెలుకుడు ఎక్కడో చూసినట్టే ఉంది. సొరుగులోంచి ఉత్తరం తీసి పక్కన పెట్టి చూసింది. తర్వాత చాలాసేపు ఒక్కతే నవ్వుకుంది.

శుక్రవారం మీటింగులో పదకొండు కాపీలూ బల్ల మీద పరిచింది. డైరెక్టరు ఒక్కొక్కటీ తిరగేసి, "బాగానే చదువుతున్నారే!" అన్నారు. "కూర్చోండమ్మా."

"పన్నెండోది రాందే కూర్చోను సార్."

"ఎవరి దగ్గరుంది?"

ఆవిడ పుస్తకం తెరిచి ఆయన వైపు తిప్పింది. డైరెక్టరు తేలు కుట్టిన దొంగలా తన సంతకం కేసి చూశారు. ఆనక తన ఫైలు విప్పి కాపీ బయటికి తీశారు. మిగతా అన్నిటికన్నా దానిమీదే గీతలు ఎక్కువ.

"మీ కాగితంలో చూసే తెప్పించుకున్నానమ్మా" అన్నారు మెల్లగా. "సోమవారం కాగితం ఎప్పటిలాగే రానివ్వండి."

"అలాగే సార్. తిరిగి ఇచ్చినట్టు ఇక్కడ సంతకం పెట్టండి. ఈసారి కాస్త చదవడానికి వీలుగా."

ఆయన పొల్లు పోకుండా పూర్తి పేరు రాశారు. అప్పుడు కూర్చుంది చీటీలక్క.