బాబుకు నొప్పి తెలీదు

నా అరికాల్లోంచి అంగుళం పొడవు తుమ్మముల్లు లాగినరోజు నాకు నొప్పి తెలియలేదు. తెలియనందుకు సంతోషించాను. నా జబ్బు బయటపడవలసింది ఆ రోజే. డైరీలో మాత్రం ఆ రోజు కింద "ఉదయం పరుగు. ఆరోగ్యం బాగుంది" అని ఉంది.

పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల పశువుల ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్ళు కాంపౌండరుగా పనిచేశాను. తొంభైల చివర్లో రిటైరయ్యాక, ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున టాంజానియాలోని ఒక పల్లెకు ఏడాదిపాటు వెళ్ళాను. మేకలకు మందు తాపడం, గిట్టలు కత్తిరించడం అక్కడివాళ్ళకు నేర్పాలి. అదే నా పని.

పిల్లలు నా గది ముందునుంచే బడికి పరిగెత్తేవారు. బూట్లు అరిగిపోకుండా చేత్తో పట్టుకుని ఉత్తకాళ్ళతో పోయేవారు. నన్ను "బాబు" అనేవారు. వాళ్ళ భాషలో తాత అని అర్థం. ఒక పొద్దున "బాబూ, నువ్వూ రా" అని చెయ్యి పట్టి లాగారు. మొదటిరోజు బావిదాకా పోయి ఆగిపోయాను. నెల తిరిగేసరికి బడిదాకా పరిగెత్తగలిగాను. నేనూ బూట్లు విప్పేశాను. పల్లేరుగాయల మీద పెరిగిన కాళ్ళు కదా అనుకున్నాను.

బడి ముందర వాళ్ళకొక పద్ధతి ఉండేది. వరుసగా కూర్చుని, పాదం పక్కవాళ్ళ ఒళ్ళో పెట్టి ముళ్ళు చూపించుకునేవారు. నా పక్కన ఎప్పుడూ నీమా అనే పదేళ్ళ పిల్ల కూర్చునేది. ఆ తుమ్మముల్లు లాగింది తనే. రక్తం చూసి "పోలే, బాబూ" అంది. దెబ్బ తగిలినవాళ్ళను అయ్యో అనే మాట అది.

"నాకు నొప్పి లేదే!" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. ముల్లును ఎండకు పట్టి చూసింది. "ఇంత ముల్లు నొప్పి పెట్టాలి బాబూ. నర్సుకు చూపించు."

మిగతా పిల్లలు "బాబుకు నొప్పి తెలీదు!" అని గంతులేశారు. ఆ పేరు నాకు నచ్చింది. ఆ వారమే సంతలో కాలి చెప్పు జారిపోయినా తెలియక చాలా దూరం నడిచాను. ఒక పిల్లాడు దాన్ని నెత్తిన పెట్టుకుని వెనకాలే వచ్చాడు. అందరితోపాటు నేనూ నవ్వాను.

కొన్నాళ్ళకు నీమాకు ముల్లు గుచ్చుకుంది. దారిలో కూలబడి ఏడ్చింది. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో, అందరూ వినేలా అన్నాను: "నన్ను చూడు, ముసలివాణ్ణి. నేను ఏడుస్తున్నానా? నీవి పసిపాప కాళ్ళా?"

పిల్లలు నవ్వారు. ఆ తర్వాత నీమా తన పాదం ఎవరి ఒళ్ళోనూ పెట్టలేదు. కుంటుతోందని చూశాను, అడగలేదు. కుంటే మేకను మందలోనే గుర్తుపట్టి బయటికి తీసేవాణ్ణి నేను. నాలుగోరోజు ఆ పిల్ల రాలేదు. కాలు వాచి చీము పట్టింది. వాళ్ళ నాన్న వీపున మోసుకుని క్లినిక్కుకు తీసుకుపోయాడు. ఆ నెల బడి పరుగుపందెంలో తను లేదు. డైరీలో "నీమాకు జ్వరం" అని రాశాను. ఎందుకు వచ్చిందో రాయలేదు. నేను తిరిగి వచ్చేనాటికి నడుస్తోంది, పరిగెత్తడం లేదు. నేనన్న మాట సంగతి ఎవరికీ చెప్పకుండానే విమానం ఎక్కాను.

పుంగనూరు చేరాక కుడి చిటికెనవేలి కింద పుండు కనిపించింది. నొప్పి లేదు కనుక లెక్కచేయలేదు. ఆవుల గాయాలకు చల్లే పొడి చల్లి గుడ్డ కట్టాను. మూడు వారాలు అలాగే గడిపాను. వాసన పట్టి నా భార్య రాజమ్మ ఆ గుడ్డ విప్పించింది.

"ఊర్లో ఎనుములకంతా గిట్టలు సూస్తివే, నీ కాలు నీకు కానరాలేదా? ఆ పొడి సల్లుకునేదానికి నువ్వేమన్నా ఎద్దువా?"

మదనపల్లెలో రక్తపరీక్ష చేస్తే షుగర్ నాలుగువందలు దాటింది. "ఎన్నేండ్లుగా ఉండాదో యేమో పెద్దాయనా. ఈడ నాన్చొద్దు, కుప్పం పోండి" అన్నాడు డాక్టరు.

కుప్పం పెద్దాసుపత్రిలో ఒక లేడీ డాక్టరు సన్నని నైలాన్ పోగు చేతిలోకి తీసుకుంది. "కండ్లు మూసుకోప్పా. నేను ముట్టినప్పుడంతా సెప్పు."

కళ్ళు మూసుకున్నాను. ఎంతకీ ఏమీ తగలకపోతే, "మొదలుపెట్టమ్మా" అన్నాను.

"అయిపోయిందప్పా. పది సోట్ల ముట్టినా."

ముళ్ళ సంగతి చెప్పాను. ఆ స్థితిలో కూడా నా గొంతులో కొంచెం గొప్ప ఉంది.

"అది ధైర్యం కాదప్పా, న్యూరోపతీ. షుగర్ నరాలను తినేసుండాది."

మంచం మీద వెల్లకిలా పడుకుని నీమా గురించి ఆలోచించాను. నా రోగాన్ని చూపి, ఆరోగ్యంగా ఉన్న పిల్లను సిగ్గుపడేలా చేశాను.

డిబ్రైడ్‌మెంట్ అని, పుండులో కుళ్ళిన కండ కోసి తీసేశారు. ఇన్ఫెక్షన్ ఎముకకు పట్టిందని చిటికెనవేలు తీసేశారు. పదోరోజు, నొప్పి లేదు కదా అని గేటుదాకా కాఫీకి నడిచాను. కుట్లు విడిపోయాయి. పక్కవేలూ పోయింది. "నొప్పి లేదంటే మానిందని కాదు, ఎన్నిసార్లు సెప్పాల?" అని ఆ డాక్టరమ్మ అరిచింది. వార్డంతా విన్నది. నాకు తగినదే.

ఇంటికి వచ్చాక, నీమా జ్వరానికి కారణం నా మాటేనని ఆ బడి టీచరుకు ఉత్తరం రాశాను. నా రెండు వేళ్ళ సంగతీ రాశాను. రెండు నెలలకు జవాబొచ్చింది. నీమా మళ్ళీ పరిగెడుతోందట. ఉత్తరం చదివి వినిపిస్తే, ఒక్కటే అడగమందట: "ఇప్పుడు బాబు పాదం ఎవరు చూస్తున్నారు?"

అప్పటికింకా ఎవరికీ చూపించడం లేదు. రాజమ్మ చూస్తానన్నా, సిగ్గుపడి నేనే అద్దం పెట్టుకుని చూసుకుంటున్నాను. చత్వారపు కళ్ళకు ఏం కనిపిస్తుంది?

ఇది జరిగి ఏళ్ళు గడిచాయి. పొద్దున ఇన్సులిన్, ఇంట్లో కూడా షుగర్ కాళ్ళకని చేసే మెత్తని ఎంసీఆర్ చెప్పులు. పరుగు లేదు, నెమ్మదిగా నడక. షుగర్ ఉన్నవాళ్ళకు ఒక్క మాట చెబుతాను: నొప్పి లేదన్న ధీమాతో ఉండకండి, రోజుకొకసారి మీ పాదాలు ఇంకొకరి కళ్ళకు చూపించండి.

సాయంత్రం దీపం పెట్టాక రాజమ్మ పీట వాల్చుకుంటుంది. "ఊఁ, పెట్టు కాలు" అంటుంది. ఇప్పటికీ ఆ క్షణం తలెత్తి ఆమెను చూడలేను. కానీ పెడతాను. వేళ్ళ సందులన్నీ చూశాక నా డైరీ తీసుకుని, ఆ రోజు కింద తన చేత్తో రాస్తుంది: "సూస్తి."