మైల పట్టిన పుదీనా

మా మేనత్త పోయింది. మే నెలలో, ఇక్కడ అరవదేశంలో మేము కత్తిరి అని పిలుచుకునే ఎండల్లో, పొద్దున్నే మేడ మీదికి వెళ్ళి కొత్తిమీర గిల్లుకొచ్చి, "కొంచెం ఆయాసంగా ఉండాది వొదినా, పడుకుంటా" అని మా అమ్మతో చెప్పి పడుకుంది. అమ్మ కాఫీ తీసుకెళ్ళేసరికి ఇక లేదు. ఫోను వచ్చినప్పుడు నేను ఆఫీసుకు బయలుదేరుతున్నాను. ముదలియార్‌పేటలోని మా పుట్టింటికి చేరేసరికి ఆమెను ముందుగదిలో పడుకోబెట్టారు. గిల్లిన కొత్తిమీర వంటింటి గట్టు మీద అలాగే ఉంది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు నెమ్మదిగా ఉంచుకోవాలంటారు. నాకు నెమ్మది లేదు. ఒళ్ళు మండిపోతోంది. ఆమె పోయినందుకు కాదు. డెబ్బై దాటిన మనిషి, ఎవరిచేతా చాకిరీ చేయించుకోకుండా వెళ్ళిపోయింది. అది ఆమె కోరుకున్నదే. ఆ తర్వాత మా ఇంట్లో జరిగినదానికి మండుతోంది. అది చెప్పాలంటే ముందు ఆమె మేడ గురించి చెప్పాలి.

మా నాన్నకూ పెదనాన్నకూ ఆమె ఒక్కతే చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే ఒకసారి "చేసుకుంటే సరిపోయిందా, ఈ మాడి ఎవురు చూస్తారు?" అంది. మాడి అంటే మేడ మీది చదును. అక్కడే ఆమె రాజ్యం. ఏంబలంలో మాకున్న పొలం నుంచి ఎర్రమట్టి, పశువుల ఎరువు గోతాల్లో కట్టి బస్సులో వేయించుకొచ్చేది. కండక్టరు మూతి ముడుచుకుంటే, "నీ ఇంట్లో రసంలో కొత్తిమీర వెయ్యరా? అది దీంట్లోనే పుట్టింది" అని నోరు మూయించేది.

ధనియాలను పలక మీద పోసి గాజు సీసా దొర్లించేది. గింజ రెండు బద్దలు కావాలి, పిండి కాకూడదు. రాత్రంతా నానబెట్టి మరునాడు చల్లేది. ఎండ ముదిరితే కొత్తిమీర తొందరగా పూతకు వచ్చేస్తుంది కాబట్టి పెదనాన్న పాత పంచెలను కర్రలకు కట్టి నీడ చేసేది. కరివేపాకు చెట్టు పెద్ద డ్రమ్ములో ఉండేది. దానికి పులిసిన మజ్జిగ పడాల్సిందే. నిమ్మగడ్డి, వామాకు, తులసి వరసగా గోడ పక్కన ఉండేవి. పుదీనా మాత్రం అంచు విరిగిన మట్టితొట్టిలో, అన్నిటికీ దూరంగా. దాని వేళ్ళు పక్కవాళ్ళను బతకనివ్వవు. "దానికి పక్కన ఎవురూ ఉండకూడదు, నా మాదిరే" అని నవ్వేది. ఆ పుదీనా ఏంబలం పొలంలో బావిగట్టున దొరికిన కాడ. విత్తనం నుంచి వచ్చింది కాదు, ఎప్పటికప్పుడు కాడ తుంచి నాటుకుంటూ ఆమె తన చిన్నతనం నుంచి బతికించుకొచ్చింది.

కోసిన ఆకును కడిగి దాచడం ఆమె దృష్టిలో నేరం. పచ్చబడిన ఆకులు ఏరేసి, పొడి పంచెగుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, వండే ముందు మాత్రమే కడిగేది. నేను పెళ్ళయ్యాక మొదటిసారి మార్కెట్టు నుంచి తెచ్చిన కొత్తిమీరను ప్లాస్టిక్ కవర్లోనే ఫ్రిజ్‌లో తోసి ఉంచితే, మా ఇంటికొచ్చి తలుపు తెరిచి చూసి తిట్టింది. "నిన్ను ఆ కవర్లో కట్టి లోపల పెడితే నువ్వు బతుకుతావా? చెమట పట్టి చస్తాది అది." మా అత్తగారి ముందే తిట్టింది. ఎండాకాలం ముందు మిగిలిన కొత్తిమీరను చింతపండు, ఎండుమిరపకాయలతో రుబ్బి, నువ్వులనూనెలో అడుగంటకుండా వేయించి జాడీకెత్తేది. కరివేపాకు నీడలోనే ఎండేది. పుదీనా తొవయలు, అంటే మా పచ్చడి, చేసేటప్పుడు బాణలి పక్కనే నిలబడేది. "ఆకు వాడాల, వేగకూడదు. వేగిందంటే గడ్డి" అనేది. రసంలో కొత్తిమీర పొయ్యి ఆర్పాకనే.

ఆమెను ఇంట్లోవాళ్ళు కూరలో కరివేపాకులా తీసిపారేశారని రాయాలని నాకు చెయ్యి దురద పెడుతోంది. కానీ ఆమె కూరలో కరివేపాకు ఎవరూ తీసిపారేసే పని లేదు. కంచం అంచున ఆకు నెట్టినవాళ్ళను భోజనం నుంచి లేవనిచ్చేది కాదు. మా పెదనాన్నను సైతం. ఊళ్ళో అందరినీ అదిలించే మనిషి ఆమె ముందు ఆకు నమిలి మింగి లేచేవాడు.

ఇక అసలు విషయం. మా అవ్వ, అంటే నాన్నవాళ్ళ అమ్మ, నెలసరి రోజుల్లో ఆడపిల్లలను మొక్కల దగ్గరికి పోనిచ్చేది కాదు. ముడితే వాడిపోతాయట. మైలను మా ఇంట్లో తీట్టు అంటారు. తీట్టు మనిషి ముట్టిన పుదీనా మాడిపోతుందని అవ్వ నమ్మకం. మా అత్త వయసుకొచ్చిన కొత్తలో ఒక పని చేసింది. ఆ పుదీనాను రెండు తొట్లలో పెట్టింది. ఒకదానికి ఆ రోజుల్లో తానే నీళ్ళు పోసేది, చేత్తో గిల్లేది. రెండోదాన్ని అవ్వ చెప్పినట్టే చూసింది. రెండూ ఒత్తుగా పెరిగాక, విడివిడిగా తొవయలు నూరి అవ్వ ముందు పెట్టింది.

"యాది యా తొట్టిదో చెప్పుమా" అంది.

అవ్వ రెండూ రుచి చూసింది. మళ్ళీ చూసింది. చెప్పలేకపోయింది. ఆ రోజు నుంచి అవ్వ మా అత్తను ఆపలేదు. మిగతా ఆడవాళ్ళకు మాత్రం ఆ కట్టడి అలాగే ఉండిపోయింది. మా కుటుంబం అలాంటిది. తప్పని తెలిసినా మొత్తంగా ఒప్పుకోదు. ఆ రెండు పచ్చళ్ళూ అన్నంలో కలుపుకొని తిని చేతులు నాక్కున్నవాళ్ళలో మా పెదనాన్న కూడా ఉన్నాడని అత్తే చెప్పింది.

నా వంతు వచ్చినప్పుడు నన్ను వెనకగదిలో చాప మీద కూర్చోబెట్టారు. పక్కన వేరే కంచం, వేరే గ్లాసు. సిగ్గుతో తల ఎత్తలేక కూర్చుంటే అత్త ఇత్తడి చెంబు పట్టుకొని వచ్చింది.

"ఏంది, యాడనో తప్పు చేసినదాని మాదిరి కూర్చుండావు? లే. పైకి పోయి పుదీనాకి నీళ్ళు పోసి రా."

"అవ్వ కొడతాది అత్తా."

"కొడితే నన్ను కొట్టమను. నువ్వు పో."

వెళ్ళి పోశాను. ఆ తర్వాత వారమంతా దొంగలా పైకి వెళ్ళి ఆకులు వాడాయేమోనని చూసుకున్నాను. వాడలేదు. నా ఒంట్లో విషమేమీ లేదని నాకు చెప్పింది పుస్తకాలు కాదు, బడి కాదు. ఆ తొట్టి చెప్పింది. ఈ జన్మలో నాకు ఒకరు చేసిన మేలు అంటూ ఉంటే అదే.

అలాంటి మనిషి పోయిన రోజు సాయంత్రం, మేము కారియం అనే కర్మ చేయించే అయ్యగారు వచ్చి, ఇంట్లోవాళ్ళు మైల తీరేదాకా తులసిని ముట్టొద్దు అన్నాడు. తులసి అన్నాడు. ఆ ఒక్క మాటే. మా పెదనాన్న దాన్ని సాగదీసి మేడ మొత్తానికి పరిచాడు. తులసి పైనే ఉంది కాబట్టి పైకి ఎవరూ పోకూడదు, ఏ చెట్టుకూ నీళ్ళు పోయకూడదు. మేడ తలుపుకు తాళం వేసి తాళంచెవి మొలకు దోపుకున్నాడు.

నేను ఊరుకోలేదు. బకెట్టు పట్టుకొని మెట్ల దగ్గర నిలబడ్డాను.

"పెద్నాయనా, నేను పెళ్ళయి వేరే ఇంటికి పోయినదాన్ని. మీ లెక్కలోనే నాకు తానంతోనే తీట్టు పోయింది. నేను పోస్తా. తాళం ఇయ్యి."

"వేరే ఇంటిదానివైతే ఇంకేంది? సుట్టానివి. సుట్టం ఈడ పని చెయ్యకూడదు, కూర్చో."

"కత్తిరి ఎండ! మాడిపోతాయి!"

"పోతే పోనీ. కారియం అయ్యేదాకా అది ఈడనే తిరుగుతా ఉంటాది. మనం తప్పు చేస్తే దానికి మంచి గతి లేకుండా పోతాది. నా సెల్లెలికి నేను అట్లా చెయ్యను."

ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చిన కళ్ళు. కానీ నాకు జాలి పుట్టలేదు. ఆమె బతికినన్నాళ్ళూ దేన్ని ఒప్పుకోలేదో దానితోనే ఆమెకు మంచి గతి కొనిపెడుతున్నాడు! అమ్మ నా మోచెయ్యి పట్టి లోపలికి లాగింది. "చావింట్లో అరిస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఊరుకోవే." అమ్మకూ తెలుసు. ఆ ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. అందరూ చాటుగా ఆ తొట్టిలో చెయ్యి పెట్టినవాళ్ళే. ఒక్కరూ నోరు విప్పలేదు.

రోజూ ఆఫీసు నుంచి అటే వెళ్ళేదాన్ని. రోజూ అడిగేదాన్ని. రోజూ అదే జవాబు. కురుచికుప్పం నుంచి చేపలు తెచ్చే ఆమె పలకరించడానికి వచ్చింది. అత్త ఆమెకు చేపల పులుసులోకని ప్రతిసారీ గుప్పెడు కొత్తిమీర ఇచ్చేది. వీధిలో నిలబడి పైకి చూసి, "మేడ మీద పందిరి గుడ్డ చిరిగి వేలాడుతోంది, కరివేపాకు రాలిపోతోంది, మీ ఇంట్లో ఎవరూ లేరా?" అని అరవంలో అడిగింది. ఇల్లు నిండా జనం ఉన్నారు. కుర్చీలు చాలక పక్కింటి నుంచి తెచ్చారు.

ఆ జనం నోరు మూసుకొని ఉన్నా బాగుండేది. వచ్చినవాళ్ళంతా ఆమె చేతి రుచి గురించే. "ఆ పుదీనా తొవయలు ఇంకెవురు చేస్తారు!" అని ఒకరు, "ఆ వాసన ముక్కులోనే ఉండాది" అని ఇంకొకరు. తల మీద ఆ పుదీనా ఎండకు చస్తుంటే కింద ఫ్యాను గాలికి కూర్చుని దాని వాసన తలుచుకుంటున్నారు. ఏంబలం నుంచి వచ్చిన దూరపు బంధువు ఒకాయన, కాడ ఒకటి దొరుకుతుందా, నాటుకుంటాను అని అడిగాడు. "కారియం అయినాక తీసుకోని పో" అన్నాడు పెదనాన్న. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను, లేకపోతే చేతిలో ఉన్న గ్లాసు ఎవరి మీదో ఒకరి మీద పడేది.

కర్మ రోజు వచ్చింది. బయటినుంచి వంటవాళ్ళను పెట్టారు. ఫోటో ముందు అరిటాకు వేసి, పోయిన మనిషికి ఇష్టమైనవని వడలు, పాయసం, జాంగ్రీ వడ్డించారు. ఆమె తీపి నోట పెట్టడం నేను ఎన్నడూ చూడలేదు. ఆకు పక్కన ఆమె తాగడానికని గ్లాసుతో నీళ్ళు పెట్టారు. అయ్యగారు శుద్ధి నీళ్ళు చల్లి, ఇల్లు శుభ్రమైందని చెప్పి లేచాడు. అప్పుడు మా పెదనాన్న ఆకు వంక చూసి, ఏదో తక్కువైందన్నట్టు నా వైపు తిరిగాడు. మొలలోంచి తాళంచెవి తీశాడు.

"పాపా, దానికి పొదినా తొవయలంటే ప్రాణం గదా. ఇంక తీట్టు లేదు. పైకి పోయి నాలుగు రెమ్మలు గిల్లుకోని రా, నూరి పెడదాం."

ఆయన నిజంగానే అడిగాడు. వెక్కిరింతకు కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నీళ్ళు పోయడానికి మైల, కోసుకోవడానికి మాత్రం చెట్టు పచ్చగా సిద్ధంగా ఉండాలి.

తాళం తీసి పైకి వెళ్ళాను. కొత్తిమీర మళ్ళన్నీ గడ్డిలా పడి ఉన్నాయి. డ్రమ్ము చుట్టూ కరివేపాకు రాలి నేల కనిపించలేదు. పుదీనా తొట్టిలో గోధుమరంగు పుల్లలు. ఒక ఆకును పట్టుకుంటే వేళ్ళ మధ్య పొడైపోయింది. వాసన మాత్రం ఉంది, ముక్కు అదిరేంత. అక్కడే కూర్చుని పెద్దగా ఏడ్చాను. తర్వాత కళ్ళు తుడుచుకొని, తొట్టిని నడుముకెత్తుకొని కిందికి దిగాను. పట్టుచీరకు మట్టి అంటుకుంది. అంటుకోనీ.

హాల్లో అందరి మధ్య నుంచి నడిచి, అరిటాకు ముందు, జాంగ్రీ పక్కన ఆ తొట్టిని పెట్టాను.

"ఇదో పెద్నాయనా. గిల్లుకో."

అమ్మ ఈసారి నా చెయ్యి పట్టుకోలేదు. పెదనాన్న వంగి చూశాడు. పుల్లను ఒకదాన్ని ముట్టుకున్నాడు, అది పుటుక్కున విరిగింది. చెల్లెలికని పెట్టిన నీళ్ళగ్లాసు తీసుకొని, తొట్టిలో నెమ్మదిగా వంచాడు.

మట్టి ఎండి, బిగుసుకుపోయి, తొట్టి గోడలను వదిలేసి ఉంది. ఆ నీళ్ళలో ఒక్క చుక్క కూడా అది తాగలేదు. పోసినవి పోసినట్టే పక్కల సందుల్లోంచి జారి, అడుగు చిల్లులోంచి బయటికొచ్చి, ఎర్రగా నేల మీద పారి అరిటాకు కిందికి పోయాయి. గ్లాసు ఖాళీ అయింది. మా పెదనాన్న దాన్ని ఇంకా తొట్టి మీద వంచి పట్టుకునే ఉన్నాడు.