నలభై నిమిషాల సీసం

కావెంట్రీ కార్ల ఫ్యాక్టరీలోని బాడీ షాపులో సీసం పనివాళ్లు ఆరుగురు. కారు కప్పుకీ వెనక స్తంభానికీ మధ్య ఉన్న వెల్డింగు అతుకు మీద సీసం మెత్తబరిచి, కొవ్వులో ముంచిన చెక్క గరిటెతో నున్నగా సాపు చేయడం వాళ్ల పని. సిరిల్ ట్విగర్ చేస్తే, రంగు పడ్డాక అతుకెక్కడుందో దేవుడికి కూడా తెలిసేది కాదు. ఆ సంగతి అందరికన్నా బాగా సిరిల్‌కే తెలుసు. అతని కొంప ముంచింది కూడా అదే.

అక్కడ కట్టే స్పోర్ట్స్ కారు మొదట కప్పు లేకుండా వచ్చింది. తర్వాత కప్పున్నది. ఆ కప్పు వెనక్కి జారే ఒంపంటే సిరిల్‌కి పిచ్చి. 1966లో మూడోది దిగింది. వెనక సీట్లో పిల్లల్ని కుక్కడానికి ఒళ్లు సాగదీసి, నెత్తి పైకి లేపారు.

"ఇది కారా, శవాల బండా? దీనికి నేను సీసం పొయ్యాలా?" అన్నాడు సిరిల్.

"పొయ్యకపోతే ఇంటికెళ్లి మీ ఆవిడ డొరీన్ చేతికింద గిన్నెలు తోముకో. కారు నీ తాత గీశాడా ఏంటి?" అన్నాడు డెన్ పార్గెటర్. అతనూ సీసం పనివాడే, పైగా యూనియన్ మనిషి.

కొత్త బాడీ వస్తే స్టాప్‌వాచ్ పట్టుకుని ఆఫీసు మనిషి వస్తాడు. అతని ముందు ఎంతసేపు పడితే, ఇక అందరూ అంత టైములోనే చేసి తీరాలి. అందుకే మధ్యాహ్నం మాంసం కూరిన పోర్క్ పైలు తింటూ ఆరుగురూ మాట అనుకున్నారు. పొడుగు బాడీ అతుక్కి నలభై నిమిషాలు, ఒక్కటి తగ్గకూడదు. సిరిల్ కూడా తలూపాడు.

తీరా ఆఫీసు మనిషి వచ్చి సిరిల్ పక్కనే నిలబడ్డాడు. కాసేపు చూసి నవ్వాడు.

"చెయ్యి సాగట్లేదేంటి ట్విగర్? వయసైపోయిందా పాపం?"

సిరిల్‌కి అప్పటికి ముప్ఫై తొమ్మిదేళ్లు. ఒళ్లు మండిపోయింది. పైగా పని నాన్చితే సీసం ఒప్పుకోదు, మళ్లీ మళ్లీ కాలిస్తే కింది రేకు వంకర పోతుంది. ఈ శవాల బండికైనా సరే, వంకర అతుకు తన చేత్తో వేయడం అతని వల్ల కాలేదు. ఇరవై రెండు నిమిషాల్లో గరిటె కింద పెట్టేశాడు. ఆఫీసు మనిషి అంకె రాసుకుని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి సిరిల్‌ని వెలేశారు. కొట్టలేదు, తిట్టలేదు, మాట్లాడలేదంతే. ఇరవై రెండు నిమిషాలు అందుకోలేక, ఆ ఆరుగురిలో ఒకడైన పార్గెటర్ బావమరిది చేతులు కాల్చుకుని రంగు షాపుకి పోయాడు. సిరిల్ టీ కప్పులో సీసం పొడి కనిపించేది. గరిటెలు విరిగి దొరికేవి. పొద్దున్నే "గుడ్ మార్నింగ్" అంటే ఆ మాట గోడకి తగిలి తిరిగొచ్చేది.

"ఇవాళైనా ఎవరైనా మాట్లాడారా?" అని డొరీన్ రోజూ అడిగేది.

"లేదు" అని బూట్లు విప్పుకునేవాడు సిరిల్.

అలా ఏడేళ్లు గడిచాయి. కారుకి పెద్ద ఇంజను వచ్చింది, కప్పున్న పొట్టి బాడీ ఆగిపోయింది, పొడుగుదే మిగిలింది. ఒక్కరు పలకరిస్తే చాలని సిరిల్ ఆ ఏడేళ్లూ లోలోపల కుమిలిపోయాడు. బయటికి మాత్రం తల ఎగరేసుకునే తిరిగాడు.

1973లో పొడుగు బాడీ కూడా ఆపేశారు. ఇక ఆఖరి వరకూ కప్పు లేని కారే. సీసం పొయ్యాల్సిన చివరి కప్పు వంతు ప్రకారం సిరిల్‌కి వచ్చింది. షాపంతా చుట్టూ మూగింది. పార్గెటర్ తన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.

"నలభై నిమిషాలు, సిరిల్. ఇవాళైనా మాట నిలబెట్టుకో."

ఏడేళ్ల తర్వాత విన్న మొదటి మాట. సిరిల్ గ్యాసు మంట వెలిగించాడు. ఇరవై రెండు నిమిషాలకి అతుకు అద్దంలా వచ్చింది. మంట ఆర్పేశాడు. తర్వాత చేతులు కట్టుకుని, మిగిలిన పద్దెనిమిది నిమిషాలూ పార్గెటర్ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ కదల్లేదు. నలభై కాగానే సిరిల్ గడియారం తీసి పార్గెటర్ చేతిలో పెట్టాడు.

పార్గెటర్ మొహం కందిపోయింది. ఒక కప్పు కడిగి, టీ పోసి ముందుకి జరిపాడు.

"తాగరా. అయిపోయిందేదో అయిపోయింది."

"రా సిరిల్, కూర్చో" అన్నారు ఇంకో ఇద్దరు.

సిరిల్ టీ వైపు చూశాడు. కోటు తగిలించుకుని, గరిటె చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

ఇంట్లో డొరీన్ అలవాటు కొద్దీ అడిగింది.

"ఇవాళైనా ఎవరైనా మాట్లాడారా?"

"అందరూ మాట్లాడారు. నేనే మాట్లాడలేదు" అన్నాడు సిరిల్, బూట్లు విప్పుకుంటూ.