మోకు పట్టిన పాటగాడు

2018 ఫిబ్రవరి 11, ఆదివారం, ఉదయం 9 గంటల 20 నిమిషాలు. బ్రూనీ దీవి తూర్పు తీరంలో, అడ్వెంచర్ బేలో, ‘హెస్టర్ మే’ ఓడ లంగరు మీద ఉంది. పదకొండు నాట్ల నైరుతి గాలి వీస్తోంది. ఆథల్ డిరీన్ నడిమి స్తంభానికి వీపు ఆనించి గోరువెచ్చని నీళ్ళు గుక్కగుక్కగా తాగుతున్నాడు. ఓడమీద పాట తన దగ్గరే ఉంటుందో, గదుల్లో పక్కలు సర్దే అమ్మాయికి పోతుందో మరో గంటలో తేలవలసి ఉంది.

ఆథల్ 1957లో, హోబర్ట్‌కు దక్షిణాన ఉన్న డోవర్‌లో పుట్టాడు. తండ్రి రంపపు మిల్లులో పని చేసేవాడు. కొడుకు పద్నాలుగో ఏట ఆల్చిప్పల పడవ ఎక్కాడు. పడవలు అమ్ముడుపోయాక సాల్మన్ చేపలకు మేత వేసే పనికి కుదిరాడు. నలభై తొమ్మిదో ఏట, సెలవు రోజుల్లో, జీతం లేకుండా, హోబర్ట్ రేవులో ఈ ఓడ తుప్పు గీకడానికి వచ్చాడు. 1911లో డెన్మార్క్‌లో కట్టిన మూడు స్తంభాల ఓడ ఇది. గోధుమలు మోసి, కలప మోసి, చివరకు బొగ్గు నిలవచేసే ఉత్త డొప్పగా మిగిలింది. ముందు స్తంభం నిలబెట్టిన రోజున మోకు పట్టిన ఇరవై మంది ఇరవై రకాలుగా లాగుతుంటే విసుగెత్తి, తుప్పు గీకే ఉలి పక్కన పెట్టి, ఆథల్ ఒక పాట ఎత్తుకున్నాడు. స్తంభం లేచింది. ఆ సాయంత్రానికి అతను ఓడకు పాటగాడయ్యాడు.

ఇప్పుడా ఓడలో ఇరవై ఎనిమిది మంది ప్రయాణికులకు గదులున్నాయి. గదిగదికీ వేడినీళ్ళ స్నానం, రాత్రి భోజనంలో వెన్న రాసి కాల్చిన క్రేఫిష్ రొయ్యలు, పినో ద్రాక్షసారా. చాపను మోసే అడ్డుకొయ్యను పైకెత్తడానికి విద్యుత్ యంత్రం కూడా ఉంది. ఆ యంత్రాన్ని చూసుకునేది నేనే. మీట నొక్కితే నిమిషమున్నర పని. అయితే ప్రయాణికులు అంత డబ్బు పోసి వచ్చేది మోకు లాగడానికి. అందుకే యంత్రం ఖాళీగా ఉంటుంది, పాటగాడికి పని ఉంటుంది.

పాటగాడు మోకు ముట్టుకోడు. అతను ఒక ముక్క పాడితే, చివరి పదం మీద అందరూ కలిసి ఒక్క లాగు లాగుతారు. పాటలో ఎవరినైనా ఎద్దేవా చేయవచ్చు, కెప్టెన్‌నైనా సరే. పాటలో పడిన మాటకు ఎవరూ బదులు చెప్పకూడదు, తర్వాత మనసులో పెట్టుకోకూడదు. ఈ కట్టుబాటును మా ఓడలో పట్టుబట్టి నిలిపింది ఆథలే. పన్నెండేళ్ళు అతను అందరినీ అన్నాడు, అతన్ని ఎవరూ అనలేదు. ఇంట్లో మాత్రం అతను పాడడు. భార్య నోరీన్ అతని పాట మొదటిసారి విన్నది ప్రయాణికుల మధ్య నిలబడే.

డిసెంబరులో నాలుగు రోజులు ఆథల్ గొంతు పోయింది. మొదటి రోజు మోకు పట్టినవారు దిక్కుతోచక నిలబడితే, గదుల్లో పక్కలు సర్దే లోసలీన్ ఫిఫితా చేతిలో మడతపెట్టిన తువ్వాళ్ళతోనే మెట్లెక్కి వచ్చి పాడింది. ఆమెది టోంగాలోని వవావూ దీవి. డెవన్‌పోర్ట్ తోటల్లో పళ్ళు కోయడానికి వచ్చి, అక్కడి నుంచి ఓడలో చేరింది. ఆ విడత ప్రయాణికుల్లో తొమ్మిది మంది ఆమె పాటను మెచ్చుకుంటూ కంపెనీకి రాశారు.

అప్పటి నుంచి ఇద్దరూ వంతులవారీగా పాడుతున్నారు, ఆథల్‌కు మనశ్శాంతి లేదు. ఆమె పక్కలు సర్దుతూ కూనిరాగం తీస్తుందేమోనని నడవలో ఆగి వినేవాడు. ఆమె తెచ్చిన బిస్కట్లు ముట్టేవాడు కాదు. ఒకసారి అతను కట్టిన చరణమే ఆమె పాడితే సాయంత్రం దాకా మండిపడ్డాడు. మర్నాడు ఆమె దాన్ని వదిలేసింది. అందుకు అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

“చప్పట్లు ఎవరికి ఎక్కువ పడ్డాయి, నువ్వు విన్నావుగా?” అని యంత్రాల గదిలోకి దిగి మరీ నన్ను అడిగేవాడు.

“కింద నాకు డీజిల్ చప్పుడే వినిపిస్తుంది, ఆథల్.”

“అంటే ఆమెకే పడ్డాయన్నమాట.”

శనివారం మధ్యాహ్నం కెప్టెన్ ఫిలిప్పా అర్కర్ట్ అతన్ని పిలిచింది. నేనూ అక్కడే ఉన్నాను. “వచ్చే ఏడు పాటకు కంపెనీవాళ్ళు ఒక్కరినే ఉంచుతారట, ఆథల్. ఆ ఒక్కరు ఎవరన్నది నన్ను చెప్పమన్నారు.”

“మీరెందుకు చెప్పడం? అడ్డుకొయ్యనే చెప్పమనండి,” అన్నాడు ఆథల్. “అదే కొయ్య, అదే మనుషులు. ఎవరి పాటకి తక్కువ లాగుళ్ళలో ఎక్కితే పాట వాళ్ళది.”

కొయ్య 6.8 మీటర్లు ఎక్కాలి. కప్పీల అమరిక వల్ల మోకు దానికి నాలుగింతలు, 27.2 మీటర్లు, చేతికి రావాలి. లాగేవారు పద్నాలుగు మంది. లెక్కించేది సరంగు గ్రేమ్ పెటర్డ్.

ఆదివారం ఉదయం ముందు ఆథల్ పాడాడు. బాగానే పాడాడు. నలభై మూడు లాగుళ్ళు; లాగుడుకు సగటున 63 సెంటీమీటర్లు. కొయ్యను దించారు. లోసలీన్ నడుముకు కట్టిన పనిగుడ్డ విప్పి పక్కన పెట్టింది. అప్పుడు వరుసలో మొదట ఉన్న ప్రయాణికుడు, అడిలెయిడ్ నుంచి వచ్చిన దంతవైద్యుడు, అరచెయ్యి చూపించాడు. బొబ్బ చితికింది.

“పదమూడు మందే అయ్యారు,” అన్నాడు పెటర్డ్. “సమానం కాదిది. ఆథల్, నువ్వు పట్టు.”

“నేనా? ఆమె నా మీద గెలవడానికి నేనే లాగాలా?”

“పందెం నీదేగా, బలం సమానంగా ఉండాలి. పట్టు, పట్టు.”

“బాబాయ్, నొప్పులుంటే చెప్పు, కుర్చీ తెప్పిస్తా,” అంది లోసలీన్.

“నేను నీకెప్పుడు బాబాయినయ్యానమ్మాయ్? పాడు, పాడు. పొద్దెక్కుతోంది.”

అతను కప్పీ పక్కన, మొదటి చోట నిలబడ్డాడు. ఆ చోట ఉన్నవాడు అరతాళం ఆలస్యం చేస్తే వెనక పదమూడు మంది బలం వృథా అవుతుంది. బయటికి మాత్రం ఏమీ తెలియదు. ఆథల్‌కు అది తెలుసు. నాకు అతని మోచేతులు కనబడుతున్నాయి. తొమ్మిది లాగుళ్ళు, ప్రతిసారీ, పదం పలికి మోకు కదిలాక గాని అవి వంగలేదు. కొయ్య ఈడ్చుకుంటూ ఎక్కుతోంది. లోసలీన్ పైకి చూడలేదు. సూటిగా అతని చేతులకేసి చూసి, గొంతు ఒక మెట్టు పెంచింది:

“మోకు పట్టిన పెద్దాయన చూడు, ఐలేసా,
గోళ్ళకి రంగు ఆరలేదంట, ఐలేసా.”

వరుసంతా గొల్లుమంది. నవ్వుతూనే లాగారు. ఆథల్ మెడ ఎర్రబడింది. పాటలోని మాటకు బదులు లేదు. రెండు చేతులూ మోకులో నిండి ఉన్నాయి. తర్వాతి పదం మీద అతను మడమలు డెక్కుకు తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగాడు. ఆ తర్వాతి పదానికీ అంతే. వెనకనున్నవారు తడబడి, సర్దుకుని, అతని ఊపులో కలిశారు. అతని ముఖంలో ప్రేమ లేదు, ఒప్పుకోలు లేదు. పళ్ళు బిగిసి ఉన్నాయి. ఆమె వైపు చూసిన చూపులో ద్వేషం తగ్గలేదు. ఆ ద్వేషమంతా మోకులోకి పోయింది. లోసలీన్ మళ్ళీ గోళ్ళ మాట ఎత్తలేదు. వేగం మాత్రం పెంచింది.

కొయ్య పైకప్పీకి తగిలిన చప్పుడు వినబడింది. పెటర్డ్ మోకు కొస కొక్కేనికి చుట్టాడు. ఆథల్ మోకు వదలలేదు.

“గోళ్ళ రంగట,” అన్నాడు ఎవరినీ చూడకుండా. తర్వాత, “ఎంత?”

పెటర్డ్ లాగుళ్ళు లెక్క రాసిన పలక తిప్పి చూపించాడు.

39.