మొరాయించిన హారతి పాట

మాది నాందేడ్‌ల చీరెల దుకాణం. మొన్న మా ఆడబిడ్డ నిశ్చితార్థం ఇంట్లనే చేసినం. హారతి పాట అత్తమ్మే పాడాలె గని, జలుబుకు ఆమె గొంతు పోయింది. నయమేందంటే, ముందే తన పాత ఫోన్‌ల పాడి పెట్టుకున్నది. దాన్ని మేమెవ్వరం ఇనలే.

మా ఆయన ఆ ఫైల్‌ను దుకాణం కంప్యూటర్‌ల ఎక్కించిండు. అది విండోస్ కాదు, లినక్స్‌ది. ఈ ఫార్మాట్ నడవదని తెరమీద రాసింది. నేను హారతి పళ్లెం పట్టుకొని నిలబడ్డ. ఎదురుంగ పెండ్లి పిల్లగాని తల్లి. కర్పూరం అయిపోవట్టింది. మా ఆయన చెమటలు తుడుసుకుంట ఏందో డౌన్‌లోడ్ చేసి, స్పీకర్ పెద్దగ పెట్టిండు.

పాట మంచిగ అచ్చింది. అందరు చేతులు జోడించిన్రు. పాట అయిపోయింది గని, రికార్డింగ్ అయిపోలే. మళ్ల అత్తమ్మ గొంతే:

"పిల్లగాడు బంగారం. వాళ్లమ్మ నోరే, అబ్బో, ఈడ మాట్లాడితే ఎనభై కిలోమీటర్ల అవుతల దెగ్లూర్ దాంక ఇనబడ్తది."

పిల్లగాని తల్లి హారతి కండ్లకద్దుకొని నిమ్మళంగ అన్నది:

"మా అత్త ఇంకా అవుతల నిజామాబాద్ దాంక అనేది. అంటే, జర తగ్గినట్టే."

కంప్యూటర్ ముందుగాలనే వద్దన్నది. మేమే ఇనలే.

పెండ్లిల హారతి పాట పిల్లగాని తల్లే పాడింది. స్పీకర్ అవసరం పడలే.